సెల్యూట్ చేసే చెయ్యి

సైన్యంలో చేరాలనుకునేవాళ్ళ కోసం వచ్చే నోటిఫికేషన్లలో వయసు, ఎత్తు, ఛాతీ, పరుగు, పదో తరగతి మార్కులు అన్నీ అయిపోయాక, ఎక్కడో చివర్లో పచ్చబొట్టు గురించి ఓ చిన్న పేరా ఉంటుంది. ముంజేతి లోపలి వైపు, అంటే మోచెయ్యి నుంచి మణికట్టు దాకా, ఇంకా అరచేతి వెనక వైపు పచ్చబొట్టు ఉంటే ఫరవాలేదు. ఒంటి మీద ఇంకెక్కడున్నా అభ్యర్థి పనికిరాడు. గిరిజనులకు మాత్రం, వాళ్ళ ఆచారం ప్రకారం ముఖం మీదో ఒంటి మీదో పచ్చబొట్లు ఉంటే, ఎవరి కేసు వాళ్ళది విడిగా చూసి అనుమతిస్తారు. కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ నోటిఫికేషన్ ఇంకా వివరంగా ఉంటుంది. అక్కడ ముంజేతి మీది పచ్చబొట్టైతే అది ఎడమ ముంజేతి మీదే ఉండాలి. కారణం కూడా రాస్తారు: అది సెల్యూట్ చెయ్యని చెయ్యి. సైజు ఆ భాగంలో నాలుగో వంతుకి తక్కువ ఉండాలి. దేవుడి బొమ్మైనా, పేరైనా అభ్యంతరం లేదు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. రూల్స్ రాసిన డాక్యుమెంట్లు చదవడం, అందులో మినహాయింపులు ఎందుకొచ్చాయో వెతకడం నా ఉద్యోగంలో సగం పని. ఏ మినహాయింపూ ఊరికే పుట్టదు. దాని వెనక ఎప్పుడో జరిగిన గొడవో, ఎవరికో తగిలిన దెబ్బో ఉంటుంది. ఈ పేరాని కూడా నేను అలాగే చదివాను. ఎవరి ఒంటి మీద ఎవరు రాయొచ్చు, ఎక్కడ రాయొచ్చు, ఆ రాతకి అర్థం చెప్పే హక్కు ఎవరిది అన్న మూడు ప్రశ్నలు ఇందులో ఉన్నాయి. ఈ మూడింటికీ సైన్యాలూ సర్కార్లూ రెండు శతాబ్దాలుగా జవాబులు చెబుతూనే ఉన్నాయి. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం తెనాలి నుంచి బాపట్ల మీదుగా చీరాల వెళ్ళే రైలు దారి పక్కనే జరిగింది.

*

ముందు సూది సంగతి.

తెనాలి, రేపల్లె వైపు పల్లెటూళ్ళలో ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటిన ఆడవాళ్ళ ముంజేతులు చూడండి. తేలు, నెమలి, తులసికోట, వరసగా పేర్చిన చుక్కలు, ఒక్కోసారి భర్త పేరో, అన్నదమ్ముల పేరో కనిపిస్తాయి. మా నాయనమ్మ ఎడమ చేతి మీద తేలు ఉండేది. నగలు దొంగలు ఎత్తుకుపోవచ్చు, కూతుళ్ళు పంచుకోవచ్చు, పచ్చబొట్టు మాత్రం పైకి కూడా వెంట వస్తుందని ఆవిడ చెప్పేది. ఈ మాట ఆవిడ సొంతం కాదు. తెలుగునాట ఏ ముసలమ్మని అడిగినా ఇంచుమించు ఇదే చెబుతుంది.

ఆ తేలుని పొడిచింది ఒక ఎరుకల ఆవిడ. ఎరుక అంటే జ్ఞానం, సోది. చేటో బుట్టో చంకన పెట్టుకుని ఊరూరా తిరిగి సోది చెప్పే ఆడవాళ్ళలో చాలామందికి పచ్చబొట్టు పొడవడం కూడా వచ్చు. రెండు మూడు సూదులు దారంతో కలిపి కట్టి, దీపపు మసిని ఆకుపసరుతోనో చనుబాలతోనో కలిపి, బొమ్మ ముందు గీసుకుని దాని మీద పొడుచుకుంటూ పోతారు. పిల్ల ఏడవకుండా పాట పాడతారు. అయిపోయాక పసుపు రాస్తారు. కూలి కింద బియ్యమో, పాత చీరో, కాసిని డబ్బులో ఇస్తారు. మసి నల్లగానే ఉంటుంది కానీ, చర్మం పై పొర దాటి కింది పొరలో కూర్చున్నాక, పైనుంచి చూసే కంటికి నీలంగా, పచ్చగా కనిపిస్తుంది. అందుకే మన భాషలో అది నల్లబొట్టు కాకుండా పచ్చబొట్టయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ కళ ఎరుకలవాళ్ళ చేతిలో ఉంది కానీ, బొమ్మలు ఎక్కువగా రైతు కులాల, చేతివృత్తుల కులాల, దళితుల ఒంటి మీద ఉన్నాయి. పొడిచేవాళ్ళు ఒకరు, పొడిపించుకునేవాళ్ళు ఇంకొకరు. ఊళ్ళో ఇంటి గడప దాటి లోపలికి రానివ్వని ఒక స్త్రీ, అరుగు మీద కూర్చుని ఆ ఇంటి పిల్ల చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, ఆ పిల్ల చచ్చేదాకా చెరగని బొమ్మ గీసి వెళ్ళేది. కులం అంటు అంటుందే, ఆ అంటు ఈ ఒక్క చోట ఓ గంటసేపు పక్కకి జరిగేది.

మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో రంగాచారితో కలిసి ఏడు సంపుటాల్లో వేసిన దక్షిణ భారత కులాల పుస్తకంలో ఈ పని గురించి వివరంగా రాశాడు. ఎరుకలవాళ్ళని తమిళ దేశంలో కొరవలంటారు. వాళ్ళలో ఒక శాఖకి పేరే 'పచ్చకుట్టి', అంటే పచ్చ పొడిచేవాళ్ళు. కానీ అదే థర్‌స్టన్ పోలీసు అధికారులకు మనుషుల ఒళ్ళు కొలిచే విద్య మీద పాఠాలు కూడా చెప్పాడు. ముక్కు పొడవు, తల చుట్టుకొలత, పచ్చబొట్టు ఎక్కడుంది, ఏ బొమ్మ. ఒకే నోట్‌బుక్కులో కళకీ నేరానికీ పక్కపక్కనే గళ్ళు పడ్డాయి.

*

టాటూ అనే మాటకి ఇంగ్లీషులో రెండు పుట్టుకలున్నాయి. ఒకటి పసిఫిక్ దీవుల్లోని 'తతావ్' నుంచి వచ్చింది. కెప్టెన్ కుక్ 1769లో తాహితీ చేరినప్పుడు అతని ఓడ మనుషులు ఆ మాటని నేర్చుకున్నారు. రెండోది డచ్చి భాషది. పదిహేడో శతాబ్దంలో సాయంత్రం కాగానే సైన్యం డప్పు కొట్టించేది. కల్లు పాకల్లాంటి దుకాణాల వాళ్ళు పీపా కుళాయి మూసెయ్యాలని, సైనికులు బారకులకి తిరిగి రావాలని దానర్థం. 'కుళాయి మూయండి' అనే ఆ డచ్చి మాటే అరిగిపోయి టాటూ అయింది. ఇవాళ మిలిటరీ టాటూ అంటే బ్యాండ్లతో, దీపాలతో చేసే కవాతు ప్రదర్శన. ఒంటి మీద గుర్తుకీ, సైన్యం డప్పుకీ ఒకే మాట కుదరడం కేవలం యాదృచ్ఛికం. కానీ ఈ రెండూ ఒకచోట కలిసిన కథ ఒకటుంది, దానికి ముందు మన సైనికుల దగ్గరికి వెళ్ళాలి.

ఉత్తరాదిలో పద్దెనిమిదో శతాబ్దం నుంచి సిపాయిని 'తిలంగా' అనేవాళ్ళు. తెలింగా అంటే తెలుగువాడు. క్లైవు 1756లో మద్రాసు నుంచి బెంగాలుకి ఓడల్లో తీసుకెళ్ళిన సిపాయిలు దక్షిణాదివాళ్ళు. ఇంగ్లీషు పద్ధతిలో కవాతు చేసే నల్లవాడిని బెంగాలు జనం చూడటం అదే మొదలు. ఆ పేరు అలాగే ఉండిపోయింది. 1857 తిరుగుబాటు నాటి ఢిల్లీ ఉర్దూ కాగితాల్లో కూడా సిపాయిలు 'తిలంగే'. అంటే ఒకప్పుడు మన జాతి పేరే వృత్తి పేరు.

ఈ మద్రాసు సిపాయిలు మొదటి బర్మా యుద్ధంలో, 1824 నుంచి 1826 దాకా, సముద్రం దాటి వెళ్ళి పోరాడారు. 1885లో మళ్ళీ వెళ్ళారు. బర్మాలో మగవాళ్ళు నడుం నుంచి మోకాలి దాకా నిండా పచ్చబొట్లు పొడిపించుకునేవాళ్ళు. అక్కడ సూది పోటు ఓర్చుకోవడం మగతనానికి పరీక్ష. మన దగ్గర అది ఆడవాళ్ళ అలంకారం. తెలుగునాట మగవాడి చేతి మీద పచ్చబొట్టుకి కొత్త గౌరవం ఏదైనా దొరికిందంటే, ఇలాంటి రాకపోకలూ బారకులూ ఓడరేవులే దానికి దారి చూపి ఉంటాయని నా ఊహ.

ఆ కాలంలో దొరలకి కూడా ఈ మోజు పట్టింది. తర్వాత ఐదో జార్జి అయిన రాకుమారుడు 1881లో నౌకాదళంలో ఉండగా జపాన్‌లో చేతి మీద డ్రాగన్ పొడిపించుకున్నాడు. అతని తండ్రి 1862లోనే జెరూసలెంలో శిలువ గుర్తు వేయించుకున్నాడు. ప్రతి ఆఫీసరూ తన రెజిమెంటు చిహ్నాన్ని ఒంటి మీద పొడిపించుకోవాలన్న మాట ఫీల్డ్ మార్షల్ ఫ్రెడరిక్ రాబర్ట్స్ పేరు మీద చాలాకాలంగా చలామణిలో ఉంది. రెజిమెంటు అభిమానం ఒక కారణం. యుద్ధంలో శవాన్ని గుర్తుపట్టడానికి పనికొస్తుందన్నది రెండో కారణం. బ్రిటిష్ సైన్యం మెడలో వేసుకునే అల్యూమినియం బిళ్ళల్ని 1907లో గాని తేలేదు. అప్పటిదాకా చర్మం కంటే నమ్మకమైన కాగితం లేదు.

ఈ రాబర్ట్సే 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతి, ఆ తర్వాత 1893 దాకా మొత్తం భారత సైన్యానికి అధిపతి. దక్షిణాదివాళ్ళలో యుద్ధానికి పనికొచ్చే రక్తం లేదని 1897లో వేసిన తన జ్ఞాపకాల్లో తేల్చేశాడు. యుద్ధజాతులు, యుద్ధానికి పనికిరాని జాతులు అన్న విభజన స్థిరపడింది. తెలుగువాళ్ళ భర్తీ తగ్గుతూ పోయింది. ఎవరి పేరు మీద బెంగాలు జనం సిపాయిని పిలిచారో, వాళ్ళు పుట్టుకతోనే సిపాయి పనికి అనర్హులయ్యారు. పుట్టుకని బట్టి మనిషి స్వభావాన్ని నిర్ణయించే ఆ లెక్క అక్కడితో ఆగలేదు. కొన్ని జాతులు పుట్టుకతో వీరులైతే, కొన్ని జాతులు పుట్టుకతో దొంగలు అనడానికి ఇంకో అడుగు చాలు.

*

సూదికి ఇంకో ఉద్యోగం కూడా ఉండేది.

బెంగాలులో కంపెనీ ప్రభుత్వం 1797లో ఒక రెగ్యులేషన్ చేసింది. యావజ్జీవ శిక్ష పడిన ఖైదీ నుదుటి మీద అతని పేరు, నేరం, శిక్ష పడిన తేదీ దేశభాషలో పచ్చబొట్టుగా పొడవాలి. దాన్ని గోద్నా అనేవాళ్ళు. ఉత్తరాది స్త్రీలు అలంకారం కోసం వేయించుకునే పచ్చబొట్టుకీ అదే పేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా ఇది నడిచింది. ఖైదీలు తలపాగాని కనుబొమల దాకా దించి కట్టుకుని ఆ రాతని దాచుకునేవాళ్ళు. నుదుటి రాత అని మనం మామూలుగా వాడే మాట ఆ మనుషుల విషయంలో అక్షరాలా నిజమైంది. రాసింది మాత్రం బ్రహ్మ కాదు, జిల్లా కోర్టు. 1849లో ఈ శిక్షని రద్దు చేశారు.

పరాయి దేశపు ఖైదీలకే ఇలా చేశారనుకోకండి. సొంత సైనికులకీ చేశారు. బ్రిటిష్ సైన్యంలో పారిపోయి దొరికినవాడి ఎడమ చంక కింద 'డి' అనే అక్షరం, నడత చెడ్డవాడికి 'బీసీ' అనే రెండక్షరాలు సూదులున్న పరికరంతో సిరా అద్ది పొడిచేవాళ్ళు. ఒక పలటన్ నుంచి పారిపోయినవాడు పేరు మార్చుకుని ఇంకో పలటన్‌లో చేరి, చేరినప్పుడిచ్చే సొమ్ము మళ్ళీ తీసుకోకుండా ఇది అడ్డుకట్ట. 1870ల్లో దాన్నీ మానేశారు.

ఇప్పుడు మూడు ఒళ్ళు పక్కపక్కన పెట్టి చూడండి. రెజిమెంటు చిహ్నం ఉన్న ఆఫీసరు భుజం. 'డి' అక్షరం ఉన్న సైనికుడి పక్క. గోద్నా ఉన్న ఖైదీ నుదురు. మూడింటిలోనూ సూది ఒకటే, సిరా ఒకటే, పని కూడా ఒకటే: ఈ ఒళ్ళు ఎవరిదో ఎప్పుడైనా తేల్చగలగాలి. తేడా అంతా ఎవరు అడిగి పొడిపించుకున్నారు, ఎవరిని పట్టుకుని పొడిచారు అన్నదాంట్లోనే ఉంది. సైన్యానికి ఒంటి మీద గుర్తంటే అసహ్యం ఎప్పుడూ లేదు. తన అనుమతి లేని గుర్తంటేనే ఇబ్బంది.

*

1911లో రెండు సంగతులు జరిగాయి. చేతి మీద డ్రాగన్ ఉన్న ఐదో జార్జి ఢిల్లీ దర్బారులో చక్రవర్తిగా కూర్చున్నాడు. అదే ఏడాది నేరస్థ జాతుల చట్టాన్ని కొత్తగా రాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించేలా చేశారు. 1871 నాటి పాత చట్టం ఉత్తరాదికే పరిమితం.

ఎరుకల వాళ్ళు అంతకుముందు తరాల్లో ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పుని మెట్ట ప్రాంతాలకి తీసుకెళ్ళి ధాన్యంతో మారకం చేసేవాళ్ళు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, ఆ తర్వాత రైలు వచ్చి ఆ వ్యాపారాన్ని చంపేశాయి. మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన పుస్తకం ఈ కథని ఆధారాలతో చెబుతుంది. తెలుగులో చదువుకునే మనకి అది ఇంటి కథ, ఇంగ్లీషులో చదవాల్సి వస్తోంది. బతుకుతెరువు పోయిన తిరుగుడు జాతిని సర్కారు చూసిన చూపు వేరు. పోలీసు రాతల్లో సోది చెప్పడానికి ఇంట్లోకి వచ్చే ఎరుకల స్త్రీ, మగవాళ్ళ కోసం ఇల్లు ఆనవాలు పట్టుకుపోయే గూఢచారి. పచ్చబొట్టు సూది పట్టుకుని గుమ్మంలో కూర్చునే హక్కు ఉన్న మనిషి, అదే కారణం చేత అనుమానితురాలైంది.

కొత్త చట్టం కింద నమోదైనవాళ్ళ వేలిముద్రలు తీసుకోవచ్చు. నుదుటి మీద రాయక్కర్లేదు. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లోనే కలకత్తాలో మొదలైంది. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాలీ ఉద్యోగులు ఆ వర్గీకరణ లెక్కని తయారుచేశారు. మా భాషలో చెప్పాలంటే, మనిషిని గుర్తుపట్టే సమాచారం మనిషి ఒంటి మీద నుంచి డేటాబేసులోకి మారింది. ఒంటి మీద ఏ రాతా లేకుండానే పుట్టిన ప్రతి బిడ్డా నేరస్థుల జాబితాకి వారసుడైన కాలం అది. తలపాగా దించి కట్టుకుంటే దాగేది కాదు.

ఈ చట్టం అమలుకి 1913లో బాపట్ల, చీరాల మధ్య ఒక సెటిల్‌మెంట్ పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద అది స్టువర్టుపురం అయింది. తెనాలి నుంచి వెళ్ళే రైల్లో నిడుబ్రోలు, బాపట్ల దాటాక ఆ స్టేషను వస్తుంది. ఆ సెటిల్‌మెంటుని నడపమని అప్పగించింది ఒక సైన్యానికి.

తుపాకులున్న సైన్యం కాదు, సాల్వేషన్ ఆర్మీ. విలియం బూత్ 1865లో లండన్ పేదవాడల్లో మొదలుపెట్టిన మత సంస్థకి 1878లో ఆ పేరు పెట్టాడు. పేరుతోపాటు మొత్తం మిలిటరీ పద్ధతి తెచ్చాడు. అధిపతి జనరల్. బోధకులు కెప్టెన్లు, మేజర్లు, కల్నల్‌లు. సభ్యులు సోల్జర్లు. సంఘం పేరు కోర్. యూనిఫాం, జెండా, బ్యాండు, డప్పులు. తాగుడు మానాలన్నది వాళ్ళ మొదటి నియమాల్లో ఒకటి. డచ్చి సైన్యం ఏ డప్పుతో సారా కుళాయి కట్టించిందో, ఆ డప్పుని వీళ్ళు ఇంకో యుద్ధానికి వాడుకున్నారు. 1882లో ఫ్రెడరిక్ టక్కర్ నాయకత్వంలో బొంబాయిలో దిగారు. ఐసీఎస్ వదిలేసి వచ్చిన టక్కర్ కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. తెలుగులో వాళ్ళు రక్షణ సైన్యం. బాపట్లలో, నిడుబ్రోలులో వాళ్ళ ఆసుపత్రులు ఈ ప్రాంతానికి మేలు చేశాయి. ఈ ప్రాంతంలో 'కెప్టెన్ గారు' అంటే అందరికీ ముందు మిలిటరీ గుర్తుకురాదు. చర్చిలో ప్రసంగం చేసే మనిషి గుర్తుకొస్తాడు.

నేరస్థ జాతుల గురించి బూత్-టక్కర్ ఒక చిన్న పుస్తకమే రాశాడు. నేరాన్ని రోగంలా నయం చేసే శాస్త్రం ఒకటి ఉందని దాని పేరులోనే చెప్పుకున్నాడు. పుట్టుకతో దొంగ అనే పోలీసు మాట కంటే, మారగలడు అనే ఈ మాట మెరుగే. కానీ మార్చే పద్ధతి మాత్రం బారకులదే. హాజరు పట్టీ, బయటికెళ్ళాలంటే అనుమతి చీటీ, నిర్ణీత పని. తర్వాతి కాలంలో చీరాలలోని పొగాకు కంపెనీకి సెటిల్‌మెంట్ నుంచి కూలీలు వెళ్ళారు. అక్కడ ఆడవాళ్ళ పనికి గిరాకీ ఎక్కువ.

పచ్చబొట్టు వృత్తికి ఈ హాజరు పట్టీ ఏం చేసి ఉంటుందో ఆలోచించండి. అది కూర్చున్నచోట జరిగే పని కాదు. సూది కట్టిన స్త్రీ నడవాలి. నడిచే ఊళ్ళు మారాలి. ఆ ఇంటి పిల్లకి ఎనిమిదేళ్ళు వచ్చాయని, ఈ ఇంట్లో కొత్త కోడలు వచ్చిందని తెలియాలి. మనిషి కదలాలంటే చీటీ కావాలన్నప్పుడు ఆ వృత్తి కాళ్ళు విరిగినట్టే. పచ్చబొట్టు పొడవకూడదని ఏ సెక్షనూ అనలేదు. అనక్కర్లేకపోయింది.

ఇదంతా ఒకేసారి అన్ని చోట్లా జరగలేదు. సెటిల్‌మెంట్ బయట ఉన్న ఎరుకల కుటుంబాలు తిరిగాయి, పొడిచాయి. మా నాయనమ్మ చేతి మీది తేలుకి సాక్ష్యం అదే. మద్రాసు ప్రభుత్వం 1947లో ఆ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ జాతులకి విముక్త జాతులని పేరొచ్చింది. 1970ల నుంచి హేమలతా లవణం, లవణం స్టువర్టుపురంలో ఏళ్ళ తరబడి పనిచేశారు. హేమలత మన జాషువా గారి కూతురు. అయినా ఊరి పేరు చెప్పగానే ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు. 1991లో ఒక సినిమా, 2023లో ఇంకో సినిమా, ఆ ఊరు పేరుతోనో, ఆ ఊరి దొంగ పేరుతోనో వచ్చాయి. అక్కడ సూది పట్టిన చేతుల గురించి రాలేదు.

*

ఇప్పటికి వద్దాం. స్టువర్టుపురం ఉన్న జిల్లాలోనే, బాపట్ల దగ్గర సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది. అక్కడి నుంచి సముద్రం మీదికి క్షిపణులు పరీక్షిస్తారు. గుంటూరులో ఆర్మీ భర్తీ కార్యాలయం ఉంది. 2022లో అగ్నిపథ్ వచ్చాక నాలుగేళ్ళ ఉద్యోగానికైనా సరే పొలం గట్ల మీద తెల్లవారుజామున పరిగెత్తే కుర్రాళ్ళు తగ్గలేదు. పరిగెత్తేవాళ్ళలో చాలామంది చేతుల మీద మెషీన్‌తో పొడిపించుకున్న టాటూలున్నాయి. అమ్మ పేరు, హీరో ముఖం, ఆంజనేయుడు. 2019 ప్రపంచకప్‌లో ధోని గ్లవ్స్ మీద కనిపించాక బలిదాన్ గుర్తు కూడా. పారా స్పెషల్ ఫోర్సెస్ వాళ్ళు చెమటోడ్చి సంపాదించుకునే చిహ్నం అది. సైన్యం ఇవ్వక ముందే సైన్యం గుర్తుని ఒంటి మీద వేసుకోవడం ఓ రకం దరఖాస్తు.

రేపల్లె దగ్గర పల్లెలో ఉండే మా పిన్ని కొడుకు కుడి ముంజేతి లోపల నెమలి వేయించుకున్నాడు. నోటిఫికేషన్ చదివి పెట్టమని నాకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఆర్మీకైతే సరిపోద్దంట, సీఆర్పీఎఫ్‌కి సరిపోదంట. కుడి చెయ్యి కదా, సెల్యూట్ చేసే చెయ్యి" అన్నాడు. లేజర్‌తో తీయించాలంటే ఎన్ని సిట్టింగులు పడతాయో కనుక్కుంటున్నాడు. "మరి ఎవరో గిరిజనులకైతే ఆచారం అంటే ఒప్పుకుంటారంటగా. మన నాయనమ్మకి ఉందిగా, మనది ఆచారం కాదా?" అన్నాడు.

వాడు జోక్‌గా అన్నా, ఆ ప్రశ్న నాకు చాలా సరైనదిగా అనిపించింది. నోటిఫికేషన్ దృష్టిలో పచ్చబొట్టు రెండు రకాలు. గిరిజనుడికైతే ఆచారం, మిగతావాళ్ళకైతే ఫ్యాషన్. మన డెల్టాలో జరిగింది ఈ రెండు గళ్ళలోనూ ఇమడదు. ఇక్కడ అది ఒక జాతి నైపుణ్యం, ఇంకో పది కులాల ఆచారం. ఎరుకల కుర్రాడి ఒంటి మీద ఏ బొమ్మా లేకపోవచ్చు. వాళ్ళ ముత్తవ్వ పొడిచిన బొమ్మలు ఊళ్ళోవాళ్ళ చేతుల మీద ఉన్నాయి. ఆచారాన్ని ఒంటి మీద వెతికే రూలుకి, ఆచారాన్ని చేతి వేళ్ళలో మోసిన మనిషి కనిపించదు.

మినహాయింపు చెడ్డదని నేను అనడం లేదు. నాగా యువకుడు ముఖం మీద గుర్తుతో సైన్యంలో చేరగలగడం మంచిదే. ఒకప్పుడు పుట్టుకని చూసి నేరస్థుడన్న రాజ్యం, ఇవాళ పుట్టుకని చూసి కొంచెం సడలింపు ఇస్తోంది. అది దిశ మారడమే. కానీ ఒంటి మీది గుర్తుకి అర్థం ఇప్పటికీ ఆ ఒంటి మనిషి చెప్పేది కాదు, బోర్డు ఒక్కో కేసూ చూసి తేల్చేది. సెల్యూట్ చేసే చెయ్యి ఖాళీగా ఉండాలన్న కోరిక నాకు అర్థమవుతుంది. పై అధికారి ముందు లేచే చెయ్యి మీద ఇంకెవరి పేరూ ఉండకూడదు. ఆ చేతికి ఒక్కటే విధేయత.

ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఇంకొకటుంది. తెనాలిలో అయినా, హైదరాబాద్‌లో అయినా టాటూ షాపు ఆల్బమ్ తెరిస్తే 'ట్రైబల్' అని ఒక విభాగం ఉంటుంది. నల్లటి, పదునైన వంపులు, భుజం చుట్టూ పట్టీలు. అవి సమోవా, బోర్నియో లాంటి చోట్ల బొమ్మల నుంచి, అమెరికా మీదుగా, చాలా చేతులు మారి వచ్చినవి. మా ఆఫీసులోనే ముగ్గురికి ఉన్నాయి. మన పక్క జిల్లాలో పచ్చబొట్టుని వృత్తిగా బతికిన ట్రైబ్ ఒకటి ఉందని ఆ ఆల్బమ్‌కి తెలియదు. తేలు, నెమలి, తులసికోట అందులో లేవు. అడిగితే అవి 'ముసలమ్మల డిజైన్లు'.

ఆ ముసలమ్మలు ఇప్పుడు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. పచ్చబొట్టు పైకి వెంట వస్తుందన్న మాట వాళ్ళకి ధైర్యం. చరిత్ర రాసుకోవాలనుకునేవాళ్ళకి అదే నష్టం, ఎందుకంటే ఆ బొమ్మలు నిజంగానే వాళ్ళతో వెళ్ళిపోతాయి. ఫోన్లో కెమెరా ఉన్న మనవలం మనం లక్షల్లో ఉన్నాం. ముంజేతిని వెలుతురులో పెట్టి ఒక ఫోటో తీసి, ఏ ఊళ్ళో పొడిచారు, ఎన్నేళ్ళప్పుడు, పొడిచినావిడ ఏ పాట పాడింది, ఏం ఇచ్చారు అని నాలుగు మాటలు రాసి పెట్టడానికి పది నిమిషాలు పట్టదు. పొడిచినావిడ పేరు గుర్తుంటే అది కూడా. ఆమె చేతి బొటనవేలి గుర్తు తీసుకోవడానికి 1911లో చట్టం ఉంది, దానికో సెక్షన్ ఉంది, రిజిస్టరు ఉంది. అదే చెయ్యి గీసిన బొమ్మని ఎత్తి రాసుకోమని ఏ సెక్షనూ చెప్పలేదు.